ఒక్క కార్డు తక్కువ డెల్బర్ట్

డెల్బర్ట్ కొవాచ్ మొండితనం గురించి మా టొలీడో ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ నా అంత కోపంగా ఎవరూ చెప్పలేరు. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషితో ఒకే విషయం మీద కొట్లాడుతున్నాను. బేస్‌బాల్ ఆటగాళ్ళ ఫొటో కార్డులు సేకరించడానికి అన్నిటికంటే మంచి ఏడాది ఏది? నాది 1965. అతనిది 1988.

ఎనభై ఎనిమిది అనగానే కార్డుల సంగతి తెలిసినవాళ్ళెవరైనా నవ్వుతారు. ఆ ఏడాది కార్డుల్ని కరపత్రాల్లా అచ్చువేశారు. పిల్లల కాలేజీ చదువుకు అక్కరకొస్తాయని ప్రతి తండ్రీ పెట్టెలకు పెట్టెలు అటక మీద దాచాడు. అందరూ దాచేసరికి వాటికి విలువే లేకుండా పోయింది. ఇప్పుడు మొత్తం సెట్టు, ఏడువందల తొంభై రెండు కార్డులూ కలిపి, ఒక పూట హోటలు భోజనం ఖర్చుకు వస్తుంది.

డెల్బర్ట్ మాత్రం కొనడు. ఆ ఏడాది చింపిన ప్యాకెట్లో వచ్చి ఉండాలి, లేదా ఇంకొకరితో మార్పిడిలో రావాలి. విడిగా కొన్నదీ, ఎవరో ఊరికే ఇచ్చిందీ అతని దృష్టిలో కార్డే కాదు. తర్వాతి రోజుల్లో ఆ చవక కార్డుల్ని మార్పిడి చేసుకునేవాళ్ళే లేకుండా పోయారు. "మార్పిడేంటయ్యా, ఊరికే పట్టుకుపో" అనేవాళ్ళు. అతను పట్టుకుపోడు. అలా ముప్ఫై ఏళ్ళు కిందామీదా పడి ఏడువందల తొంభై ఒకటి చేర్చాడు. తక్కువైంది ఒక్కటే, వెనక కూర్చుని బంతి పట్టే ఎవరో క్యాచర్‌ది. పేరు చెప్పినా మీకు తెలియదు. ఆ క్యాచర్ సొంత ఊరివాళ్ళకైనా తెలుసో లేదో.

డెల్బర్ట్ మనిషే అంత. గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పద్నాలుగేళ్ళు పనిచేశాడు. 1987 క్రిస్మస్‌కు ముందు అది మూతపడింది. తర్వాత సిటీ బస్సు నడిపాడు. నేను ఆసుపత్రి లాండ్రీలో పనికి ఆ బస్సులోనే వెళ్ళేదాన్ని. ఒకసారి మంచు కురుస్తుంటే, స్టాపుకు పది అడుగుల ఇవతల ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్న బస్సు తలుపు కొట్టాను. లోపలినుంచే వేలితో స్టాపు చూపించాడు. పళ్ళు కొరుక్కుంటూ అక్కడిదాకా నడిచాక తలుపు తెరిచి, "గుడ్ మార్నింగ్ ఇరీన్" అన్నాడు.

మా వాదన జరిగేది గిల్ ఓస్టర్‌మన్ కార్డుల షాపులో. ఏటా ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు శనివారం మధ్యాహ్నం పదిమందికి పైగా చేరతాం. గిల్ భార్య ప్లమ్ పళ్ళ గుజ్జు కూరిన, బూరెల్లాంటి పౌంచ్కీలు వేయించి తెస్తుంది. ఎవరి ఏడాది గురించి వాళ్ళు మాట్లాడాక చేతులెత్తి ఓటు వేస్తాం. గెలిచిన ఏడాది సెట్టు షాపు ముందున్న అద్దాల బీరువాలో ఏడాదంతా ఉంటుంది. నాది తొమ్మిదిసార్లు ఉంది. డెల్బర్ట్‌ది ఒక్కసారి కూడా లేదు. రెండు ఓట్లు దాటితే గొప్ప.

పోయినసారి గిల్ కొత్త నిబంధన పెట్టాడు.

"ఏటా వాగుడెక్కువైపోతోంది. ఈసారి పూర్తి సెట్టున్నవాళ్ళే మాట్లాడాలి. లేనోళ్ళు తినండి, వినండి, ఓటెయ్యండి."

అందరూ డెల్బర్ట్ వైపు చూశారు. అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ క్యాచర్ కార్డు అప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన పాత కార్డుల డబ్బాలో దొరికింది. ఇలాంటి రోజు కోసమే నెలల తరబడి మోస్తున్నాను. బుద్ధి తక్కువ పనే, ఒప్పుకుంటాను.

"డెల్, ఇటు చూడు" అని కార్డు బల్ల మీద పెట్టాను.

కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని వంగి చూశాడు. ముట్టుకోలేదు.

"బదులేం కావాలి?"

"ఒక్క మాట. అరవై అయిదే గొప్పదని అందరి ముందూ చెప్పు. కార్డు నీది."

"మరీ ఎక్కువ చేస్తున్నావ్ ఇరీన్" అన్నాడు గిల్.

"నువ్వాగు గిల్. మార్పిడి కావాలంటాడుగా, ఇదీ మార్పిడే."

గిల్ అతని వైపు తిరిగాడు. "అనేస్తే పోలా డెల్? నోటి మాటేగా. రేపు కాదందువుగాని."

డెల్బర్ట్ కార్డును ఇంకాసేపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఆ మాట అన్నాక ఈ కార్డుతో నాకేం పని? గొప్పది కాదని నా నోటితో ఒప్పుకున్న ఏడాదికి సెట్టు పూర్తిచేసి ఏం చేసుకోను?"

వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పౌంచ్కీ చేతిలోనే ఉంది, కొరకలేదు.

గెలిచాననుకున్నాను. లేచి ఏటా చెప్పేదే మొదలుపెట్టాను. మందుల షాపులో అయిదు సెంట్ల ప్యాకెట్టు, కార్డు కింద చిన్న జెండాలో జట్టు పేరు, మా వీధి మగపిల్లలు నాతో మార్పిడికి ఒప్పుకోకపోవడం. ఏటా అక్కడితో ఆపేస్తాను. ఆ తర్వాత జరిగింది నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"నాకు ఆఖరి కార్డు స్టాన్లీ అనేవాడి దగ్గరుండేది. 'ఆడపిల్లలకి ఆట తెలీదు అని అందరి ముందూ అను, ఇచ్చేస్తా' అన్నాడు. నేనన్నాను. వినపళ్ళేదని రెండోసారి కూడా అనిపించాడు. నా సెట్టు అలా పూర్తయింది."

యాభై నాలుగేళ్ళ తర్వాత స్టాన్లీ చేసిన పనే నేనూ చేశాను. పదేళ్ళప్పుడు నేను చేయలేకపోయింది డెల్బర్ట్ చేశాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. కార్డు తీసుకుని అతని దగ్గరకు వెళ్ళాను.

"నీ దగ్గర రెండేసి ఉన్నవాటిలో ఏదో ఒకటివ్వు డెల్. ఒకటికి ఒకటి."

"జాలి పడుతున్నావా?"

"నీ మీద జాలెవడికి? నాకు సిగ్గేస్తోంది. ఇస్తావా, ఇవ్వవా?"

డబ్బా తెరిచి పది నిమిషాలు వెతికాడు. సరిసమానంగా ఉండాలని ఇంకో ఊరూపేరూ లేని క్యాచర్‌నే ఏరి నా చేతిలో పెట్టాడు. తనకొచ్చిన కార్డును ఆల్బమ్‌లోని ఖాళీ తొడుగులోకి దోపాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు.

"ఫ్యాక్టరీ మూసేశాక ఎనభై ఎనిమిదంతా మేం నలభై మందిమి యూనియన్ హాల్లో కూర్చునేవాళ్ళం. ఇంట్లో మా మాటకి విలువ లేని రోజులు. ఒకడు తన పిల్లాడి కార్డులు తెచ్చాడు, ఇంకోడు తెచ్చాడు. అక్కడ ప్రతివాడి జేబులోనూ పక్కవాడికి కావాల్సింది ఏదో ఒకటుండేది. అంతంత అచ్చేశారు కాబట్టే అందరికీ దొరికింది. దాన్ని మీరు చవకంటారు, నేను మంచిదంటాను."

నాలుగు ఓట్లు పడ్డాయి అతనికి. నా 1965కు ఏడు. నేనూ అరవై అయిదుకే చెయ్యెత్తాను. ఎత్తకపోతే డెల్బర్ట్ జన్మలో క్షమించడు.

గిల్ నా ఆల్బమ్ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చేముందు తెరిచి, స్టాన్లీ ఇచ్చిన కార్డు బయటికి లాగేశాను.

"అది తీసేస్తే నీది పూర్తి సెట్టు కాదు. బీరువాలో పెట్టను" అన్నాడు గిల్.

"తెలుసు. డెల్‌ది పెట్టు."

"అప్పుడు పదేళ్ళ పిల్లవి ఇరీన్" అన్నాడు డెల్బర్ట్. "అది లెక్కలోకి రాదు."

"నా లెక్కలోకి వస్తుంది."

ఇప్పుడు నా దగ్గరున్నవి అయిదువందల తొంభై ఏడు, ఒక్కటి తక్కువ. ఒహాయోలో కార్డుల సంత ఎక్కడ పెట్టినా వెళ్తున్నాను. ఇద్దరు అమ్ముతామన్నారు, ఒకాయన ఊరికే ఇస్తానన్నాడు, వద్దన్నాను. మార్పిడికి ఒప్పుకునేవాళ్ళు దొరికేదాకా తిరుగుతాను. దొరికిన మర్నాడే వాదనకు దిగి, డెల్బర్ట్ ఎనభై ఎనిమిదిని ఆ బీరువాలోంచి దింపించి తీరతాను.