ఓదెలు తల అడ్డంగా ఊపిన రోజు

తెల్లకోటు వేసుకోవడంలో ఓదెలుకు ఇరవై రెండేళ్ల అనుభవం. వైద్యంలో ఒక్కరోజుదీ లేదు. ఫిల్మ్ నగర్‌లో ఎక్కడ ఆస్పత్రి సెట్టు వేసినా, నెరిసిన జుట్టు పుణ్యాన జూనియర్ ఆర్టిస్టుల్లోంచి అతన్నే డాక్టరుగా పిలుస్తారు. ఆపరేషన్ గదిలోంచి బయటికి రావాలి, కళ్లద్దాలు తీయాలి, తల అడ్డంగా ఊపాలి. అంతే.

"నా చెయ్యి పడ్డోడు ఒక్కడన్న బతకలే," అని యూసుఫ్‌గూడ టీకొట్టు దగ్గర తనమీద తానే జోకులేసుకునేవాడు.

కూతురు హిమజకు పాప పుట్టింది. ఆరో వారంలో బస్తీ దవాఖానలో కోరింత దగ్గు రాకుండా మొదటి టీకా వేయించారు. సాయంత్రానికి పాప ఒళ్లు కాలిపోయింది.

"జర చూడు నాయినా," అంది హిమజ.

ఓదెలు పాప మణికట్టు పట్టుకున్నాడు. ఏం చూస్తున్నాడో అతనికే తెలియదు. కళ్లద్దాలు తీశాడు. అలవాటు పాడుగాను, తల దానంతటదే అడ్డంగా ఊగింది.

హిమజ గొల్లుమంది. మర్నాటికి జ్వరం తగ్గినా, రెండో టీకా మాటెత్తితే ఒకటే జవాబు: "నువ్వే గట్ల తల ఊపితివి గద! నేను తీస్కపోను."

పదో వారం వచ్చేసరికి పక్కింటి పసివాడు కోరింత దగ్గుతో ఊపిరందక ఆస్పత్రిలో చేరాడు. టీకాలు వేసే నర్సు సోఫియా దగ్గరికి ఓదెలు పరుగెత్తాడు.

"కోరింత దగ్గు క్రిమిని చంపి, ఆ కణాన్ని మొత్తంగా మందులో కలుపుతారండీ," అంది సోఫియా. "ఒళ్లు దాన్ని చూసి కయ్యానికి దిగుద్ది. అందుకే కొందరికి జ్వరం. ఆ కయ్యంతోనే అసలు జబ్బును ఎదిరించడం నేర్చుకుంటది. మొదటిరోజే చెప్పాగా, వినలేదా?"

విన్నాడు. కానీ ఆ రోజు ఆమె చెబుతున్నంతసేపూ, ఇవన్నీ తనకు తెలిసినవేనన్నట్టు గంభీరంగా గడ్డం నిమురుకున్నాడు, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చి కూతురి ముందు కూలబడ్డాడు. "బిడ్డా, నేను డాక్టర్ను కాదు."

"గా ముచ్చట గల్లీల కుక్కలకు గూడ ఎరుకే."

"మరి నా తలనెట్ల నమ్మినవ్?"

హిమజ పాపను భుజాన వేసుకుంది. "చిన్నప్పటి సంది టీవీల నువ్వట్ల ఊపినప్పుడల్లా ఏడుస్త నాయినా."

అంత బాగా చేశానా అని ఓదెలు ఒక్కక్షణం ఉబ్బిపోయాడు. వెంటనే సిగ్గేసింది. "గాడ డైరెక్టర్ చెప్తే ఊపిన. గీడ భయంతోని ఊపిన. రెండిట్ల నాకేం తెల్వదు, బిడ్డా. సోఫియమ్మకు తెలుసు."

మర్నాడు రెండో టీకా పడింది. సూది దిగుతుంటే పాపకంటే ముందు ఓదెలే కేక పెట్టాడు. సాయంత్రం మళ్లీ ఒళ్లు వెచ్చబడింది. హిమజ తండ్రివైపు చూడనైనా లేదు. సోఫియాకు ఫోన్ చేసి, ఆమె చెప్పినన్ని చుక్కల జ్వరం మందు చెంచాలో కొలిచి పాపకు పట్టింది.

చెంచా కడిగే పని ఓదెలుకు దక్కింది. శ్రద్ధగా కడిగాడు.