పైకి చదివే గది

“...అని నేనంటే తప్పొచ్చిందా? ఇది గ్రంథాలయమా, చేపల బజారా?”

“చేపల బజారే అయితే ఈపాటికి మీరు బేరం మొదలెట్టేవారు కాదూ మాస్టారూ?” అంది లైబ్రరమ్మ, చేతిలో పుస్తకం మూయకుండానే.

పింఛను పుచ్చుకుంటున్న లెక్కల మాస్టారు పేపరు మడిచి బల్లమీద కొట్టాడు. గోడవారన చాపలమీద కూర్చున్న కొండవాళ్ళు ఆయన వంక ఓసారి చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగారు. మేకల గిట్టలకు పుండ్లు పడితే ఏం చెయ్యాలో ఆమె చదివి చెబుతున్నది సగంలో ఆగిపోయింది మరి.

లైబ్రరమ్మా కొండపిల్లే. క్వారీలో రాళ్ళు మోసిన ఆమె తల్లి ఒకసారి ఆస్పత్రిలో ఇచ్చిన సీసా పట్టుకుని, దానిమీద ఏం రాసుందో చెప్పమని కనపడ్డవాళ్ళందరినీ అడిగింది. ఎవరికీ తీరిక లేకపోయింది. చెవిలో వేసుకోవలసిన మందు తాగేసింది. ఎలాగో బతికి బట్టకట్టి, “అప్పట్నుంచీ నా కడుపుకి బాగా వినపడుతోందే” అని నవ్వేది. కూతురికి మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది. పంతంపట్టి చదివింది, ఈ ఉద్యోగం సంపాదించింది.

చేరిన కొత్తలో ఆమె కూడా గోడకు ‘నిశ్శబ్దం’ అని బోర్డు పెట్టింది. కొండ దిగి వచ్చిన ఒక ముసలామె గుమ్మంలో నిలబడి, తలలు వంచుకున్నవాళ్ళని చూసి, “ఎవరు పోయారే తల్లీ?” అని గుసగుసగా అడిగి, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కొండభాషకు లిపి లేదు. వాళ్ళకు పుస్తకమంటే చెవిన పడాల్సిందే. ఆ సాయంత్రమే బోర్డు దింపేసింది. అప్పటినుంచీ ఒక పేజీ పైకి చదవడం, దాన్ని కొండభాషలో చెప్పడం, వాళ్ళు అడ్డు ప్రశ్నలతో ఆమె దుమ్ము దులపడం.

మాస్టారి ఫిర్యాదు మీద ఇవాళ పై అధికారి వచ్చి కూర్చున్నాడు.

“చూడమ్మా, వీళ్ళని రావద్దనడంలేదు. వెనక సైకిళ్ళ షెడ్డుందిగా, అక్కడ చదివిపెట్టు. హాలు చదువుకునేవాళ్ళకి వదిలెయ్.”

“వీళ్ళు చేసేది చదువు కాదా సార్?”

“మాటకు మాట అనకు. కాదంటే ఈ కుర్చీలోకి ఇంకొకరొస్తారు. అయినా షెడ్డుకేం? లైటు వేయిస్తాను, ఫ్యాను పెట్టిస్తాను.”

“వాన పడితే?”

“కొత్త రేకులు. చుక్క కారదు.”

“ఎవరైనా కూర్చోవచ్చంటారు.”

“నిక్షేపంగా. నేనైనా కూర్చుంటాను.”

చాపమీది మేకల తాత కొండభాషలో, “ఏమంటాడే అమ్మాయ్?” అని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తాత చేతికర్ర అందుకుని లేవబోయాడు.

“కూర్చో తాతా. పేజీ కాలేదు.”

ఆమె అధికారి వైపు తిరిగింది.

“రేపట్నుంచి నిశ్శబ్దం కావలసినవాళ్ళకి షెడ్డు సార్. హాల్లో పైకి చదువుతాం. మాస్టారి కుర్చీ నేనే మోసి అక్కడ వేస్తాను.”