వంటగదిలోంచి పోయిన గెడ్డ

నా పెళ్ళికి మా అత్తవారు కంచరపాలెంలో ఇంటికి కొత్త వంటగది కట్టించారు. రెండు గదుల ఇంటికి కోడలు వస్తోంది కాబట్టి మూడోది ఉండాల్సిందేనని అత్తయ్య పట్టుబట్టింది. ఇంటి ముందు వీధి, అటూ ఇటూ పక్కవాళ్ళు. మిగిలింది వెనక గెడ్డ. అందుకని వంటగదిని గెడ్డలో కట్టారు.

గెడ్డంటే కొండ మీంచి దిగి, మా ఇళ్ళ వెనకగా పారి, రైలుకట్ట కింద కల్వర్టులోంచి అటువైపు పోయే వాగు. ఏడాదిలో పది నెలలు అందులో నీళ్ళకన్నా పందులే ఎక్కువ. మావయ్య ఇల్లు కట్టుకున్న కొత్తలో దాంట్లో రెండు ఎడ్లబళ్ళు పక్కపక్కన పోయేవట. నేను కాపురానికి వచ్చేసరికి ఒక సైకిలు పోయేది, అదీ దిగి నడిపించుకుంటే. తక్కిన వెడల్పును రెండువైపులా ఇళ్ళవాళ్ళు తలా కొంచెం తీసుకున్నారు. ఒకరు స్నానాలగది, ఒకరు పశువులపాక, మేము వంటగది. పైన కొండ మీద చెట్లు కొట్టేసి ఇళ్ళు వేసుకున్నారు. అక్కడి మట్టి ప్రతి వానకీ కాస్త కిందికి దిగి కల్వర్టులో కూర్చునేది. మా చెత్త కూడా అక్కడికే చేరేది. చెత్త వెయ్యడానికి గెడ్డకన్నా దగ్గరి చోటు ఎవరికీ లేదు.

మావయ్య ఇదంతా తెలియని మనిషి కాదు. రైల్వేలో ముప్పై ఏళ్ళు పట్టాల గ్యాంగులో పనిచేశారు. వానలకు ముందు కల్వర్టులు బాగుచెయ్యడం ఆయన ఉద్యోగంలో భాగం. నీరు ఎక్కడ ఆగితే కట్ట ఎక్కడ తెగుతుందో చూసి చెప్పగలడని ఆయనకు పేరు. గెడ్డలో మా గోడకు పునాది తవ్వుతున్నప్పుడు ఆయన పక్కనే నిలబడి మేస్త్రీకి ఎండ తగలకుండా గొడుగు పట్టారట.

అప్పుడు అడ్డుచెప్పింది ఒక్కరే, మాకు ఎగువ ఇంట్లో ఉండే కాంపౌండరు గారు. వాళ్ళు క్రిస్టియన్లు, తల్లీ కొడుకూ ఇద్దరే. ఆయనా మావయ్యా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. పునాది రోజున ఆయన వచ్చి, "బావా, వానొస్తే ఈ నీరంతా ఎటు పోతాది?" అని అడిగారు.

"రెండేళ్ళబట్టీ వానేది?" అన్నారు మావయ్య.

మర్నాటి నుంచి కాంపౌండరు గారు ఆయన్ని 'గారూ' అని పిలవడం మొదలుపెట్టారు. మర్యాద పెరిగాక మాటలు తగ్గాయి.

నేను వచ్చిన రెండో ఏడు వాన వచ్చింది. రేడియోలో వాయుగుండం అన్నారు. రెండు రోజులు విడవకుండా కురిసింది. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట పనికి వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయారు. మూడో రోజు ఉదయం పొయ్యి మీద పప్పు పెట్టి కిటికీలోంచి చూస్తే గెడ్డ టీ రంగులో ఉంది. పప్పు ఉడికేసరికి కిటికీ అంచుకి వచ్చింది. కొండ మీంచి కొట్టుకొచ్చిన కొమ్మలు, తాటాకులు, ఎవరిదో నవారుమంచం, అన్నీ మా వంటగదికీ అవతలి గోడకీ మధ్యనున్న సందులో ఇరుక్కున్నాయి. దిగువ వైపు నీళ్ళు మోకాలి దాకా ఉంటే, ఎగువన కాంపౌండరు గారి ఇంట్లో నడుం దాకా ఉన్నాయి. మధ్యలో మా వంటగది కదలకుండా నిలబడి ఉంది. మేస్త్రీ మంచి పనివాడు.

కాంపౌండరు గారు వాళ్ళ పెరటి గోడెక్కారు. ఆయన తల్లి మంచం పట్టి ఏడాదైంది.

"ఇటికలెట్టి ఎత్తు చేసినా అమ్మ మంచానికి నీరు తగిలీసింది. ఒక్కణ్ణి, మొయ్యలేకపోతన్నాను" అన్నారు, మా వైపు చూడకుండా, వానకి చెప్పినట్టు.

మావయ్య లోపలికొచ్చి అటక మీంచి గునపం దించారు.

"ఏటి సేత్తన్నారు?" అంది అత్తయ్య.

"గోడ కొట్టెత్తన్నాను."

"నా వంటిల్లు."

"వంటిల్లు కాదే ఇది. ఆనకట్ట."

అత్తయ్య పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"ముసిల్ది మునిగిపోతాది" అన్నారు మావయ్య.

అత్తయ్య పక్కకి జరిగింది. "జాడీలు తియ్యనియ్యండి" అంది.

ఆవకాయ జాడీలు, బియ్యం డబ్బా, పప్పుగిన్నె ముందుగదిలోకి చేర్చాం. ఎగువ గోడ కొడతారనుకున్నాను. ఆయన దిగువ గోడ మొదలుపెట్టారు.

"నీళ్ళు అటునుంచి కదా మావయ్యా వత్తన్నాయి?"

"వచ్చే దారి కన్నా పోయే దారి ముందు తియ్యాల. లేదంటే నీరు ఇంట్లోకొచ్చి కూకుంటాది. నువ్వెళ్ళి గడపకి పొట్టుబస్తాలు అడ్డమెట్టు."

దిగువ గోడకు మనిషి పట్టేంత కన్నం పడ్డాక నూతి తాడు నడుముకు కట్టుకుని, రెండో కొస మా ఇద్దరి చేతికిచ్చి, ఎగువ గోడ అడుగున గునపం దింపారు. నాలుగు ఇటుకలే ఆయన తీశారు. మిగతావి నీరే తీసింది. తాడు ఒక్కసారిగా బిగిసింది. ఆయన తల నాకు కనబడలేదు. ఎంతసేపో చెప్పలేను కానీ, ఆ కాస్తలోనే మా ఆయనకు ఈ సంగతి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని వెతుక్కున్నాను. అత్తయ్య మాత్రం కాలు గడపకు తన్నిపెట్టి లాగుతూనే ఉంది. ఆయన గడప మీదికి వచ్చి పడి, దగ్గి, గునపం పోయిందన్నారు.

గెడ్డ మా వంటగదిలోంచి పోయింది. గంటలో కాంపౌండరు గారి ఇంట్లో నడుం లోతు మోకాలికి దిగింది. మావయ్య వెళ్ళి మంచానికి రెండో వైపు పట్టారు. ఇద్దరూ కలిసి ముసలావిడను మా ముందుగదిలోకి తెచ్చి జాడీల పక్కన పడుకోబెట్టారు.

మధ్యాహ్నం దిగువ ఇంటావిడ వచ్చింది. మా నీరు వాళ్ళ కోళ్ళగూడు పట్టుకుపోయిందట.

"మీ గోడ కొట్టీసి నీరు నా మీదకి ఒగ్గీసేరు" అంది.

"అవును" అన్నారు మావయ్య.

పెద్ద గొడవకి సిద్ధపడి వచ్చిన మనిషి. ముసలావిడకు దుప్పటి సరిగ్గా కప్పి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు నష్టం రాసుకునే గుమస్తా వచ్చాడు.

"గోడలు వరదకి పడ్డాయా?"

"నానే కొట్టేను."

"పడ్డాయని రాస్తే సాయం వస్తుందండీ."

"గెడ్డ దాని దారిన అది వచ్చింది బాబూ. దార్లో ఉన్నది నా గోడే."

గుమస్తా కలం పట్టుకుని ఆయన మనసు మారుతుందేమోనని చూశాడు. చివరికి 'నష్టం లేదు' అని రాశాడు. అత్తయ్య ఆ మాట నా చేత చదివించుకుని, వారం రోజులు మావయ్యతో మాట్లాడలేదు. వరండాలో ఇటుకల పొయ్యి మీద వండి, కంచం ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టేది.

ఆ వారంలోనే మావయ్య పార పట్టుకుని కల్వర్టుకి వెళ్ళారు. రెండో రోజు కాంపౌండరు గారు తట్ట తీసుకుని వెళ్ళారు. నేను మజ్జిగ తీసుకెళ్ళేసరికి ఇద్దరూ బురదలో నిలబడి, తీసినవి గట్టు మీద పేరుస్తున్నారు. కొండ మట్టి కింద చిరిగిన చాపలు, గొడుగు ఊచలు ఉన్నాయి. వాటి కింద మా వంటగది కట్టగా మిగిలిన ఇటుకముక్కలు తట్టలకొద్దీ ఉన్నాయి. వాటిని మేస్త్రీ ఎక్కడ పారేశాడో రెండేళ్ళలో మేమెవరం అడగలేదు.

"బావా, ఆ పార ఇలాగియ్యి" అన్నారు కాంపౌండరు గారు. మావయ్య ఇచ్చారు.

కొత్త వంటగది ముందుగదిలోనే ఒక మూల తడిక కట్టి చేశాం. అందులో ఒక్క మనిషే పడుతుంది. అత్తయ్య లోపల ఉంటే నేను బయట కూర్చుని కూరలు తరిగేదాన్ని.

తర్వాతి ఏడు కూడా గెడ్డ పొంగింది. గెడ్డలో మిగతావాళ్ళ గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మా వెనక నీరు ఆగకుండా పోయి, మూడిళ్ళ అవతల పశువులపాక దగ్గర ఆగింది. మావయ్య వెళ్ళి పాక వెనక్కి జరుపుకోమని వాళ్ళకు చెప్పారు. వాళ్ళు కుర్చీ వేసి, అంతా విని, టీ ఇచ్చి పంపించారు.