సీపీయూకు తొడిగిన అంగీ

సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో నా కంప్యూటర్ ఉంటుంది. గోడకు అవతల నాలుగు సాంచలు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. పెళ్లయి వచ్చాక ఆరేళ్లు ఆ సాంచలకు నూలు కండెలు చుట్టాను. చుట్టీ చుట్టీ విసిగిపోయి, టైపింగ్ నేర్చుకుని, ఓ పాత కంప్యూటర్ కొనుక్కున్నాను. వాడకట్టులోని వాళ్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడతాను.

అది ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. దరఖాస్తు సగం నింపేసరికి టప్పున ఆరిపోయేది. మా ఆయన అన్న, అంటే మా బావ, మూడు రోజులు చూసి తీర్పు చెప్పేశాడు.

"ఐతారం దాక చూస్త. గప్పటికి బాగుకాకుంటే గీ గదిల కండెల మిషిన్ పెడ్త. నువ్వు మళ్ల కండెలు చుట్టుకో."

నాకు ఒళ్లు మండింది. చచ్చినా ఆ పనికి తిరిగి పోయేది లేదనుకున్నాను.

సాంచలు నడిస్తే వోల్టేజీ పడిపోతుందేమోనని మా ఆయన వాటిని గంటసేపు బంద్ పెట్టాడు. అయినా ఆరిపోయింది. ప్లగ్గు మార్చినా అంతే. ఇక సీపీయూను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి మా తల్లిగారి ఊరు కోరుట్లకు పోయాను. అక్కడి రిపేరు షాపాయన దాన్ని బల్ల మీద పెట్టి రెండు గంటలు నడిపాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"దీనికేం కాలేదమ్మా. మీరే ఏదో ఒత్తుతున్నరు."

"ఏది ఒత్తాల్నో నాకెరుకే అన్నా," అనేసి వచ్చేశాను. దారి పొడుగునా కోపం తగ్గలేదు.

ఇంటికొచ్చి పెడితే ఇరవై నిమిషాలకే ఆరిపోయింది. కోరుట్లలో లేనిది, ఇక్కడ ఉన్నది ఏమిటని దాని ముందే కూర్చుని ఆలోచించాను. చేయి వేసి చూస్తే పెనంలా కాలుతోంది.

అప్పుడు కనబడింది, నేను కుట్టిన అంగీ. సాంచల ఇంట్లో దూది నూగు దేన్నీ వదలదు. టీవీకి, ఫ్రిజ్జుకు, మిక్సీకి, అన్నిటికీ మేం బట్ట తొడుగుతాం. సీపీయూకూ మా సాంచ మీద నేసిన బట్టతోనే, నాలుగు పక్కలా బిగుతుగా, అంచుకు లేసు పెట్టి మరీ కుట్టాను. షాపుకు పోయేటప్పుడు దాన్ని విప్పి ఇంట్లోనే పెట్టాను, రాగానే మళ్లీ తొడిగాను. అంటే నా కంప్యూటర్‌కు ఊపిరాడకుండా చేసింది నేనే. సిగ్గేసింది, నన్ను నేనే తిట్టుకున్నాను.

అంగీ పీకేసి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పాను. అంత కప్పినా లోపలి ఫ్యాను చుట్టూ నూగు గడ్డకట్టి ఉంది. పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపి మళ్లీ బిగించాను. సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది.

ఆదివారం పొద్దున బావ గది కొలవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

"బాగైందా? ఎవలు చేసిన్రు?"

"నేనే. ఖరాబ్ చేసింది గూడ నేనే. బట్ట కప్పి ఉడకబెట్టిన."

ఆయన పెద్దగా నవ్వాడు. "గింత దానికి కోరుట్ల దాక పోయినవా?"

"పోయిన. మళ్ల ఆగితే మళ్ల పోత. కండెల కాడికైతే రాను బావా."