ఎడమచేతి దండీలు

ముందుగా మా వీరాంజనేయస్వామికి వేయి నమస్కారాలు. ఈ చేతులు ఆయనిచ్చినవి, అరవై దాటినా పొద్దున్నే ఆయన పేరు పలికే ఈ నాలుకా ఆయనిచ్చిందే.

మొన్న భుజం నొప్పికి బందరు వెళ్తే, ఫిజియోథెరపీ అమ్మాయి గోడకి చేతులానించి మెల్లగా తొయ్యమంది. తోస్తుంటే, "నడుం తిప్పకండి అంకుల్" అంది. నాకు నవ్వాగలేదు. తొంభైల్లో ఈ మాట ఎన్ని వందలసార్లు పడ్డానో ఆ పిల్లకేం తెలుసు!

మంగినపూడి దగ్గర మా ఊళ్లో రామాలయం వెనక ఇసక పోసిన తాలింఖానా ఉండేది. అక్కడ కసరత్తు నేర్పే పెద్దాయన ఎవరికీ చుట్టం కాదు, ఊరందరికీ మావయ్య. హనుమజ్జయంతినాడు స్వామి పల్లకీకి ముందువైపు బొంగు మొయ్యాలంటే ఆయన ఎదుట పదకొండు ఒంటిచేతి దండీలు తియ్యాలి. కాళ్లు ఎడంగా చాపి, ఒక అరచెయ్యి రొమ్ము కింద ఆనించి, రెండోది వీపు వెనక్కి పెట్టుకుని, రొమ్ము నేలకి బెత్తెడు దూరం దాకా దిగి లేవాలి. నడుం మీద నీళ్ల చెంబు పెట్టేవారు. ఒలికితే ఆ ఏడాదికి అంతే. మా నాన్న బతికున్నన్నాళ్లూ ఆ బొంగు మోశాడు. ఆయన సంవత్సరీకం అయ్యాక ఆ చోటు నాకు రావాలని అమ్మ ఆశ. నా ఆశ అంతకు రెట్టింపు. దండీల్లో నేను ఓడితే ఆ చోటుకి మా మేనత్త కొడుకు సిద్ధంగా ఉన్నాడు.

నా కుడిచెయ్యి గునపమని నా నమ్మకం. పదేళ్లు ఒడ్డున వల లాగిన చెయ్యి మరి! తీరా దిగానో లేదో నడుం పక్కకి తిరగడం, చెంబు దొర్లడం. రోజూ అదే వరస.

"దండీలు రాకపోతే పోయాయి బావా, స్నానం మాత్రం అవుతోంది!" అనేవాడు మా మేనత్త కొడుకు.

మావయ్య నాలుగురోజులు చూసి, "ఒరే అల్లుడూ, నువ్వు దండీ తియ్యట్లేదురా, వల లాగుతున్నావు" అన్నాడు. నిజమే. వల లాగేటప్పుడు చేత్తోపాటు నడుమూ తిప్పి బరువు వెనక్కేస్తాం. ఆ అలవాటు ఒంట్లో దిగిపోయింది. "ఎడమచేత్తో తియ్యి. దానికి బలం లేదు గానీ దొంగబుద్ధీ లేదు."

మొదటి వారమంతా నా ముక్కు ఇసకలోనే ఉంది. సముద్రం దాటబోతూ స్వామి చేతులు బిగించి నడుం కుదించుకున్నాడని పారాయణలో చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను. అర్థం తెలిసింది మాత్రం అక్కడ పడుకున్నాకే. పొట్ట లోపలికి బిగబట్టి, ఒక రామనామానికి దిగి, ఒక రామనామానికి లేవడం. నెలరోజులు అదే పని.

జయంతినాడు ఊరంతా చుట్టూ చేరింది. ఎడమచేత్తో పది అయ్యాయి. పదకొండోది సగంలో నడుం పాత అలవాటుకి పక్కకి లాగబోయింది. చెంబులో నీళ్లు అంచుదాకా ఊగడం నా వీపుకి తెలుస్తోంది. ఉన్నట్టుండి మా మేనత్త కొడుకే గొంతు చించుకున్నాడు.

"తిప్పకు బావా, నడుం తిప్పకు! రామా అను!"

అన్నాను. ఎలా లేచానో స్వామికే తెలియాలి.

మావయ్య చెంబు తీసి, "ఎత్తండ్రా పల్లకీ" అన్నాడు, అంతే. ముందు బొంగు కింద నేను భుజం పెడితే, నా వెనకే, దండీలు అక్కర్లేని రెండో చోట, మా మేనత్త కొడుకు తనదీ పెట్టాడు. ఊరు తిరిగొచ్చేదాకా నా చెవిలో ఏదో ఒకటి అని నవ్విస్తూనే ఉన్నాడు.

కాలం మనకిచ్చిన బలాన్ని నెమ్మదిగా, అడక్కుండానే వెనక్కి తీసుకుంటుంది. దానిమీద నాకు కోపం లేదు. రెండు చేతులు జోడించే శక్తి ఇంకా మిగిలుంది కదా. రండి, ఆ కాస్తా ఉండగానే మీరూ నాతో ఒక్కసారి శ్రీరామ అనండి.