మామ వేసిన సూది

మా మామ డాక్టరు కాదు. అమ్మకు అన్న. వయసులో ఉన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేశాడు. ఆ డాక్టరు పోయాక కోస్గి పక్కన మా ఊరికి వచ్చి, ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని వైద్యం మొదలుపెట్టాడు. మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల వాళ్లం. పరుపులు కుట్టే ఇంట్లోంచి ఒకడు 'డాక్టర్ సాబ్' అయ్యాడని అమ్మకు ఎంతో గొప్ప. జ్వరమొచ్చినా, నడుం నొప్పి పుట్టినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. గోలీలిస్తే వాళ్లకు తృప్తి ఉండేది కాదు. సూది పడాల్సిందే.

తెలంగాణ వచ్చిన తర్వాత, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, మా వాడలో కూలికి పోయే ఒకామె ఒళ్లు నొప్పులని వచ్చింది. మామ పిర్రకు సూది వేశాడు. వేస్తుండగానే ఆమె కెవ్వుమంది. కాలంతా కరెంటు కొట్టినట్టయిందట.

"తగ్గుతది తియ్యి," అన్నాడు మామ.

తగ్గలేదు. పాదం వాలిపోయింది. నడుస్తుంటే వేళ్లు నేలను గీసేవి, చెప్పు కాలికి నిలిచేది కాదు. నాట్లకూ పత్తి ఏరడానికీ ఆమెను పిలవడం మానేశారు. ఏదో గాలి సోకిందని ఆమె అనుకుంది. భర్త చర్చిలో ప్రార్థన చేయించాడు. మామకు మాత్రం తెలుసు. పిర్రలో పెద్ద నరం ఉంటుందని మహబూబ్‌నగర్ డాక్టరు ఎప్పుడో చెప్పాడట. మామకు అన్నం సహించేది కాదు.

ఒక శుక్రవారం నమాజు తర్వాత మసీదు ఇమామ్ సాబ్‌ను ఇంటికి పిలుచుకొచ్చాడు. నేను చాయ్ ఇచ్చి తలుపు చాటున నిలబడ్డాను.

"నేను చెడు తలుసుకోలే సాబ్. నా నీయత్ మంచిదే. బాగుచేసేది అల్లానే గద," అన్నాడు మామ.

ఇమామ్ సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బాగుచేసేది అల్లానే. సూది ఏసింది నువ్వు. వైద్యం నేర్చినోడని పేరు లేకుండ వైద్యం చేస్తే, అయిన నష్టానికి వాడే జవాబుదారి అని ప్రవక్త చెప్పిండు. నీయత్ సంగతి అల్లా చూసుకుంటడు. కాలు మీది హక్కు ఆమెది. నష్టం కట్టియ్యాలె, లేకుంటే ఆమె మాఫ్ చెయ్యాలె."

"పోయి మాఫ్ చెయ్యమని అడుగుత."

"ఎందుకో చెప్పకుంట అడిగితే అది మాఫీ ఎట్లయితది? ముందుగాల నిజం చెప్పు."

ఆ సాయంత్రమే మామ బయలుదేరాడు. ఒక్కడే పోలేనంటే అమ్మ నన్ను తోడు పంపింది. మేము పోయేసరికి ఆ కూలామె తన గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మామను చూసి మొహం విప్పారింది. "వచ్చినవా సారూ, ఇంకొక సూది ఏస్తవా? కాలుకు జర బలమొస్తదేమో."

మామ నేల మీదే కూలబడ్డాడు. "గాలి గాదు బిడ్డా. నా సూదే. నరానికి తగిలింది. నాకు సదువు లేదు, రాని పని చేసిన."

"ఇన్నొద్దులు గాలి అనుకున్న. ఎప్పుడన్న పోతదనుకున్న," అంది. వాలిన పాదం మీద చెయ్యి వేసి, "ఇగ పోదా సారూ?" అని అడిగింది.

మామ తల అడ్డంగా ఊపాడు. ఆమె ఏడవలేదు. భర్త లోపలి నుంచి వచ్చి, "కావాల్నని చేసిండా ఏంది పెద్దమనిషి, మాఫ్ చేసిన అనరాదే," అన్నాడు.

"కాలు నీది గాదు," అని ఆమె మళ్లీ చింతపండు అందుకుంది.

మామ గది మూసేశాడు. ఆమెను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. తనకున్న చెలక భూమి అమ్మి, ఇమామ్ సాబ్ ముందు ఆ సొమ్ము ఆమె చేతికిచ్చాడు. తీసుకుంది. మాఫ్ చేశానని అనలేదు. హక్కు తీరిపోయిందని ఇమామ్ సాబ్ చెప్పినా మామ మనసు కుదుటపడలేదు. ఊరివాళ్లు మాత్రం గది మూసినందుకే తిట్టారు. కొన్నాళ్లకు బస్టాండు దగ్గర ఇంకొకాయన బల్ల వేశాడు. జనం అటు పోయారు.

మొన్నీమధ్య మామ పోయాడు. శవాన్ని మోసుకెళ్లే జనాజా లేవకముందే ఆమె కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడన్న మాఫ్ చేసిన అనవే," అని ఏడ్చింది.

ఆమె మామ ముఖం వైపు చూసింది. "మంచోడే అక్కా. నిజం చెప్పిండు. గానీ ఆ మాట అననీకి నోరు వస్తలేదు."

అమ్మ ఆమె చెయ్యి వదలకుండా పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమెను ఆ మాట అడగలేదు.