రెండు అతుకుల బెల్టు

నిన్న పొద్దున పంజాగుట్ట మెట్రో మెట్లు దిగుతుంటే, ముందు పోతున్న ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి అప్పుడే ఆడించిన శనగపిండి వాసన, ఇంకా వేడి తగ్గని వాసన, గుప్పున కొట్టింది. పది అడుగులు ఆమె వెనకాలే పోయాను. ఆమె తిరిగి చూసి పర్సు గట్టిగా పట్టుకుంది. ఆమె తప్పేం లేదు. సగం గొరిగిన తల, వీపున గిటారు, పిండి సంచిని చూసి కళ్ళు తుడుచుకుంటున్న నలభయ్యేళ్ళ ఆడమనిషి వెంటపడితే ఎవరైనా పట్టుకుంటారు. నేను చేసేదాన్ని పేపరువాళ్ళు ప్రయోగాత్మక రాక్ సంగీతం అంటారు, మా అమ్మ లొల్లి అంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మాత్రం ఇద్దరికీ ఒకటే జవాబు: గిర్నిలో.

అమీర్‌పేట చౌరస్తా వెనక గల్లీలో మా నాయినకు పిండిగిర్ని ఉండేది. ముందుగదిలో గిర్ని, వెనకగదిలో మేము. మా క్యాలెండరు గోడకు కాక ముక్కుకు తగిలించి ఉండేది. ఎండాకాలమంతా మిరపకాయలు పడితే, పై హాస్టల్లో కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలు తుమ్మి తుమ్మి నేర్చుకున్న సగం చదువు కిటికీలోంచి పారబోసేవాళ్ళు. వినాయక చవితికి ఉండ్రాళ్ళ రవ్వ, బతుకమ్మకు వేయించిన పెసర్లు, నువ్వులు, బెల్లంతో కలిపే సత్తుపిండి. వచ్చిన ప్రతి గిన్నెలోంచి ఒక చిటికెడు నా నోట్లోకి, అది గిర్ని బిడ్డకు దేవుడిచ్చిన హక్కు. నేలమీది పిండి దుమ్ములో వేలితో గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్ళం, గాలి వస్తే ఆట రద్దు. నాయిన కనురెప్పలు సుత తెల్లగానే ఉండేవి. కిందపడే పిండిని చూడకుండానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ఇంకోసారి తిప్పాలా వద్దా చెప్పేవాడు.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. గల్లీ నిండా జావా అనీ ఇంకోటనీ కొత్త భాషలు నేర్చుకోవటానికి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే, నేనేమో ఉన్న తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో ఫెయిలై ఇంట్లో కూచున్నాను. బిడ్డ బ్యాంకులో ఫ్యాను కింద కూచుంటదని అందరికీ చెప్పుకున్న నాయిన ఆ రోజునుంచి నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, మాట మాత్రం లేదు. గిర్నిలో ఆయన పక్కనే పనిచేస్తుంటే, నా చేతిలో ఉన్న జల్లెడ కావాలన్నా అమ్మకే చెప్పేవాడు.

"లచ్చమ్మా! నీ బిడ్డను జల్లెడ ఇటియ్యమను!"

"గామె నీ ముందల్నే ఉన్నది గదనయ్యా!"

"నువ్వే చెప్పు!"

గిర్ని మోతలో ఇదంతా అరిచి చెప్పుకోవాలి కాబట్టి మా ఇంటి మౌనం గల్లీ చివరిదాకా వినబడేది.

ఆ రోజుల్లో నాతో మాట్లాడింది బెల్టు ఒక్కటే. మోటారు నుంచి గిర్నికి తిరిగే ఆ పట్టా ఎప్పుడో తెగితే, నాయిన మధ్యలో పాత ముక్క వేసి అతికాడు. రెండు అతుకులు, ఒకవైపు పెద్ద సందు, ఇంకోవైపు చిన్న సందు. అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమని కొట్టేది, అందుకే గిర్ని కాలు బెణికినట్టు కుంటుతూ నడిచేది. నేను నూనె డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని, ఆ కుంటు వెంబడే రోజంతా వాయించేదాన్ని.

మధురానగర్‌లో వీణ పాఠాలు చెప్పే శేషమ్మ గారు ఒకరోజు ఇడ్లీరవ్వ పట్టించుకోవడానికి వచ్చి ఆగిపోయారు.

"ఏంటమ్మాయ్, ఈ తాళం నీకెవరు చెప్పారు?"

"బెల్టు, ఆంటీ."

ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టి, "ఏడూ నాలుగూ, పదకొండు! ఏవండీ, మీ బెల్టు భలే నడుస్తోందండీ!" అని నాయినతో అని నవ్వారు. ఆవిడ మెచ్చుకున్నారు. నాయిన మాత్రం వెక్కిరించారనుకున్నాడు. గిర్ని కుంటు వీణ టీచరమ్మ దాకా తెలిసిపోయింది, ఇంక పరువేముంది అనుకుని వారం తిరక్కుండా కొత్త బెల్టు తెచ్చి వేశాడు.

ఒకటే అతుకు. టక్, టక్, టక్, గోడగడియారం లెక్క. పిండి మెత్తగా పడుతోందని అందరూ మస్తు సంతోషపడ్డారు. నేను మూత పక్కనపెట్టి అన్నం మానేశాను. ఎందుకని అమ్మ అడిగితే, "కుంటుడు పోయిందమ్మా" అని ఏడ్చాను. "బెల్టు కోసం ఏడ్చిన పిల్లను మా ఖాందాన్‌ల సూడలే" అని అమ్మ తల కొట్టుకుని, పోయి నాయినకు చెప్పింది.

మూడోరోజు మధ్యాహ్నం కరెంటు ఉండగానే నాయిన షట్టరు దించాడు. లోపల ఒకటే సుత్తి చప్పుడు. షట్టరు లేచి మోటారు తిరిగేసరికి గిర్ని కుంటుతోంది. ఉరికి చూస్తే, కొత్త బెల్టును నడుమ కోసి రెండో అతుకు వేశాడు. బతుకంతా గిర్ని సాఫీగా నడవాలని తిప్పలుపడ్డ మనిషి! ఆ గంటలో బెల్టు మూడుసార్లు జారి పడింది. పిండి గరుకుగా వచ్చింది.

"అన్నా, ఇది పిండానే, రవ్వనా?" అన్నాడు ఒకాయన.

"ఉప్మా చేస్కో, పో" అన్నాడు నాయిన. చక్రం మీంచి చూపు తిప్పకుండానే నన్నడిగాడు, "గట్లనేనా, బిడ్డా?"

లోపల లెక్కపెట్టాను. ఆరూ నాలుగూ. ఒకటి తక్కువ.

"గట్లనే, నాయినా" అన్నాను.

ఆ తర్వాతదంతా చిన్న కథ. హాస్టల్ పిల్లలు వదిలేసిన నాలుగు తీగల గిటారు, దానికి తోడు నూనె డబ్బాలు, పాత మోటారు. పంజాగుట్టలో మొదటి కచేరీలో అరగంట వాయించాక, "ఎప్పుడు మొదలుపెడ్తరు?" అని ఒకాయన మర్యాదగా అడిగాడు. తర్వాత నాటకాలకు బాణీలు కట్టాను, డాన్సులకు కట్టాను, సముద్రాలు దాటి వాయించి వచ్చాను. నాయిన ఒక్కసారి వచ్చి ముందు వరసలో కూచుని, "మోటర్ మంచిగున్నది" అన్నాడు. నాకొచ్చిన సమీక్షల్లో అంతకంటే మంచిది లేదు.

ఇప్పుడు గిర్ని ఉన్నచోట నాలుగంతస్తుల లేడీస్ హాస్టల్. పిండి ప్యాకెట్లో చల్లగా వస్తోంది, ఎవరూ వేళ్ళతో రుద్ది చూడరు. శేషమ్మ గారు లేరు. నాయిన పోయి ఆరేళ్ళు.

పోయిన నెల రిహార్సల్లో, కొత్తగా చేరిన రాజమండ్రి డ్రమ్మరు వాయిస్తూ వాయిస్తూ ఆగాడు. "అక్కా, ఏంటిది, ఇక్కడ ఒక దెబ్బ తగ్గుతోంది. ఆరు బదులు ఏడు పెడితే ఎంత బాగుంటుందో వినండి" అని వాయించి చూపించాడు. నిజంగానే బాగుంది. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పాత బెల్టు కుంటు విన్నాను.

"బాగుంది తమ్మీ" అన్నాను. "ఆరే కొట్టు."